లెక్కకు రాని శిశువు: శిశు సంరక్షణ కేంద్రాల భద్రత, అనుమతుల చట్టాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని యజమానిని ఆదేశించే చట్టాలు భారతదేశంలో చాలాకాలంగా ఉన్నాయి. కాని అటువంటి కేంద్రాన్ని ఎవరు నడిపినా ముందుగా అనుమతి పొందాలని, భద్రతా ప్రమాణాలు ఆ అనుమతికి షరతుగా ఉండాలని చెప్పే దేశవ్యాప్త చట్టం లేదు. ఉన్న చట్టాలు స్త్రీ కార్మికుల సంఖ్యను, ఉద్యోగుల సంఖ్యను, స్థల విస్తీర్ణాన్ని, భవనం ఎత్తును లెక్కిస్తాయి. లోపల ఉన్న పిల్లలను లెక్కించవు. ఈ లోపం భద్రతను ఎలా ప్రభావితం చేస్తున్నదో, అనుమతి ఉన్నంత మాత్రాన భద్రత ఎందుకు సమకూరదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శిశు సంరక్షణ, క్రెష్, కార్మిక చట్టాలు, అగ్నిమాపక భద్రత, అనుమతి, తనిఖీ, అంగన్‌వాడీ.

1. ఉపోద్ఘాతం

తల్లిదండ్రులు పనికి వెళ్లిన వేళల్లో ఆరేళ్లలోపు పిల్లలను చూసుకొనే చోటుకు తెలుగులో స్థిరపడిన పేరు ఒక్కటంటూ లేదు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో అది శిశు సంరక్షణ కేంద్రం. కార్యాలయాల్లో క్రెష్. కాలనీల్లో డే కేర్, ప్లే స్కూల్. పైకి ఇది కేవలం పేర్లకు సంబంధించిన చిన్న విషయంగా తోచవచ్చు. నిజానికి బోర్డు మీది పేరును బట్టి ఆ కేంద్రం ఏ శాఖ దృష్టిలోకి వస్తుందో, అసలు ఏ శాఖ దృష్టిలోకైనా వస్తుందో రాదో తేలుతుంది.

చట్టపరంగా చూస్తే మరొక చిక్కు ఉంది. బాలల న్యాయ చట్టం, 2015 లోని 41వ సెక్షన్ ప్రకారం బాలల సంరక్షణ సంస్థలన్నీ విధిగా నమోదు కావాలి. నమోదు చేయించుకోకపోతే 42వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఈ నిబంధనను పైపైన చదివినవారికి డే కేర్ కేంద్రాలు కూడా ఇందులో చేరతాయనిపిస్తుంది. అయితే ఆ చట్టంలో 'బాలల సంరక్షణ సంస్థ' అంటే బాలసదనం, పరిశీలక గృహం, ఆశ్రయ గృహం వంటివి. అంటే ఆదరణ కరువైన పిల్లలకు, చట్టంతో ఘర్షణ పడిన పిల్లలకు నివాసం కల్పించేవి. ఉదయం వదిలి సాయంత్రం తీసుకువెళ్లే బిడ్డకు ఇల్లూ ఉంది, తల్లిదండ్రులూ ఉన్నారు. కాబట్టి ఆ పది గంటలూ ఆ బిడ్డ ఉండే చోటు ఈ నమోదు పరిధిలోకి రాదు.

2. తల్లి వెంట వచ్చిన బిడ్డ

శిశు సంరక్షణ కేంద్రం భారతీయ చట్టంలోకి ప్రవేశించింది కర్మాగారం ద్వారం గుండా. బొంబాయి నూలు మిల్లుల్లో పనికి వెళ్లే తల్లులు పసివారికి నల్లమందు మాత్ర పెట్టి నిద్రపుచ్చి వెళ్లే అలవాటును వలసపాలన కాలపు నివేదికలు నమోదు చేశాయి. ఆ నేపథ్యంలోనే మిల్లు ఆవరణలో పిల్లలకు ఒక గది ఉండాలన్న ఆలోచన చట్టరూపం ధరించింది. స్వాతంత్ర్యానంతరం కర్మాగారాల చట్టం, 1948 లోని 48వ సెక్షన్ ఈ బాధ్యతను స్పష్టం చేసింది. మొదట 50 మందికి మించి స్త్రీ కార్మికులున్న చోట, 1976 సవరణ తరువాత 30 మందికి మించిన చోట, వారి ఆరేళ్లలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలి. ఆ గదిలో తగినంత వెలుతురు, గాలి ఉండాలి, శుభ్రంగా ఉంచాలి, శిశు సంరక్షణలో శిక్షణ పొందిన స్త్రీల ఆధీనంలో ఉండాలి. పిల్లలకు పాలు, తల్లులు మధ్య మధ్య వచ్చి పాలిచ్చే వీలు మొదలైనవాటిపై నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది.

తరువాత వచ్చిన చట్టాలు ఇదే అచ్చును అనుసరించాయి. బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1966. భవన నిర్మాణ కార్మికుల చట్టం, 1996 రెండూ స్త్రీ కార్మికుల సంఖ్యను బట్టే యజమానిపై బాధ్యత మోపాయి. రెండోదాని 35వ సెక్షన్‌లో ఆ సంఖ్య 50. ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం, 2017 ద్వారా చేరిన 11ఏ సెక్షన్ 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలో క్రెష్ వసతి ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లివచ్చేందుకు యజమాని అనుమతించాలని చెప్పింది. ఇక్కడ లెక్క స్త్రీల నుంచి మొత్తం ఉద్యోగులకు మారింది. అది మెచ్చదగిన మార్పే. స్త్రీలను పనిలోకి తీసుకుంటే క్రెష్ ఖర్చు మీద పడుతుందన్న సాకు దానివల్ల కొంత తగ్గుతుంది.

ఈ వరుసలో రెండు చట్టాలు భిన్నంగా కనబడతాయి. తోటల కార్మికుల చట్టం, 1951 లోని 12వ సెక్షన్ 50 మంది స్త్రీ కార్మికులున్న తోటలతో పాటు, స్త్రీ కార్మికుల పిల్లలు 20 మంది లేదా అంతకుమించి ఉన్న తోటలను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం, పని స్థలానికి తల్లుల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకుమించి వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకు కూలి చెల్లించాలని రెండో షెడ్యూలులో చెప్పింది. గడ్డపారతో చెరువు పూడిక తీసే పనికి సంబంధించిన చట్టం పిల్లలను లెక్కపెట్టగలిగిందంటే, నగరాలకు ఉద్దేశించిన చట్టాలకు అది అసాధ్యమైన పని కాదని అర్థం.

2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. పైన చెప్పిన కర్మాగార, బీడీ, భవన నిర్మాణ, తోటల చట్టాలు వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిలోను, ప్రసూతి ప్రయోజన చట్టం సామాజిక భద్రతా స్మృతిలోను కలిసిపోయాయి. మొదటి స్మృతిలోని 24వ సెక్షన్ 50 మందికి మించి కార్మికులున్న సంస్థల్లో క్రెష్‌పై నియమాలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తుంది. స్త్రీ కార్మికుల పిల్లలు అన్న మాటకు బదులు ఉద్యోగుల పిల్లలు అన్న మాట వచ్చింది. తండ్రి కూడా బిడ్డను తీసుకురాగలడన్న గుర్తింపు ఇందులో ఉంది. అయితే తోటలకు సంబంధించిన 92వ సెక్షన్‌లో 50 మంది కార్మికుల లెక్క మాత్రమే మిగిలింది. 20 మంది పిల్లలున్నా చాలునన్న పాత షరతు అక్కడ కనబడదు. చట్టాలను కుదించే క్రమంలో పిల్లలను నేరుగా లెక్కించిన అరుదైన వాక్యమే జారిపోయింది. దీనిపై జరగవలసినంత చర్చ జరగలేదు.

3. గడప దాటని పని

ఇటువంటి సంఖ్యలు పనిచేయాలంటే ముందు కార్మికులందరూ ఒక కప్పు కింద, ఒక యజమాని హాజరు పట్టీలో ఉండాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలలో అత్యధికులు ఇంటి వద్దనే ఆ పని చేస్తారు. తునికాకు, తంబాకు కమీషన్‌దారు దగ్గర తూకం వేసుకొని ఇంటికి తెచ్చుకొని, చాట ఒడిలో పెట్టుకొని కూర్చుంటారు. 1966 చట్టంలోని క్రెష్ నిబంధన వర్తించేది పారిశ్రామిక ఆవరణకు. ఆ తల్లి ఇల్లు పారిశ్రామిక ఆవరణ కాదు. పాకే బిడ్డ తంబాకు ధూళి మధ్యనే పెరుగుతుంది. పక్కనే కత్తెర ఉంటుంది.

ఇటుక బట్టీల్లో పరిస్థితి మరో విధంగా ఉంటుంది. పశ్చిమ ఒడిశా జిల్లాల నుంచి తెలంగాణకు వచ్చే కుటుంబాలకు ముందస్తు సొమ్ము కుటుంబం మొత్తానికి కలిపి ఇస్తారు. లెక్కల పుస్తకంలో ఉండేది భర్త పేరు. మట్టి పిసికే భార్య కార్మికురాలిగా నమోదు కానప్పుడు, స్త్రీ కార్మికుల సంఖ్యపై ఆధారపడిన బాధ్యత మొదలయ్యే చోటే ఆగిపోతుంది. తల్లి లెక్కకు రాదు కాబట్టి బిడ్డ కూడా రాదు.

నిర్మాణ స్థలాల్లో ఈ లోటును మొదట గుర్తించి పూడ్చడానికి ప్రయత్నించింది ప్రభుత్వం కాదు. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శనకు మంటపాలు కడుతున్న చోట కూలీల పిల్లలు దుమ్ములో పడివుండడం చూసి మీరా మహాదేవన్ ఒక గుడారంలో వారికి చోటు కల్పించారు. మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అలా మొదలైంది. భవనం పూర్తయి కూలీలు కదిలితే కేంద్రం కూడా వారితో కదలాలన్నది ఆ పేరులోని భావం. స్థిరమైన భవనానికి అనుమతి ఇవ్వడం గురించి మాత్రమే ఆలోచించే ఏ చట్టమైనా ఇటువంటి కేంద్రాన్ని ఎలా చూడాలో ముందుగా తేల్చుకోవాలి.

4. కాలనీలోని డే కేర్ ఎవరి పరిధి?

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో అపార్టుమెంటు ఫ్లాటులోనో, అద్దెకు తీసుకొన్న విడి ఇంటిలోనో నడిచే డే కేర్‌ల సంగతి మరీ అస్పష్టం. వాటిని నడిపేవారు యజమానులే కాని, అక్కడి పిల్లలు వారి ఉద్యోగుల పిల్లలు కారు. కార్మిక చట్టంలోని క్రెష్ నిబంధన వారికి వర్తించదు. పురపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు ఇవ్వవచ్చు. అది వ్యాపారానికి ఇచ్చే అనుమతి. మిఠాయి దుకాణానికీ అదే పత్రం, పసిపిల్లల కేంద్రానికీ అదే పత్రం.

విద్యాశాఖ వైపు చూస్తే, విద్యాహక్కు చట్టం, 2009 వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. పాఠశాల గుర్తింపునకు 18, 19 సెక్షన్లు పెట్టిన షరతులు ప్రాథమిక విద్య అందించే బడులకు సంబంధించినవి. మూడేళ్లు దాటిన పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చునని 11వ సెక్షన్ అంటుంది, 'చేయాలి' అనదు. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ తరువాతి 45వ అధికరణ ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణకు, విద్యకు రాజ్యం కృషి చేయాలని చెప్పినా, అది ఆదేశిక సూత్రం; న్యాయస్థానం ద్వారా అమలు కోరదగిన హక్కు కాదు.

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం రూపొందించిన మార్గదర్శకాలు ఈ ఖాళీని పూరించే దిశగా ఒక ముఖ్యమైన ప్రయత్నం. ప్రతి ప్లే స్కూలు గుర్తింపు పొందాలని, 20 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయిని, ఒక సంరక్షకురాలు ఉండాలని, ప్రహరీ, అగ్నిమాపక ఏర్పాట్లు, విశ్రాంతి గది తప్పనిసరని అవి చెబుతాయి. మూడేళ్లలోపు పిల్లలను చేర్చుకోరాదని కూడా అంటాయి. ఆ వయసు పిల్లలను బడి పేరిట ఒత్తిడికి గురిచేయకూడదన్న ఉద్దేశం సరైనదే. కాని ఉద్యోగానికి వెళ్లే తల్లి ప్రసూతి సెలవు 26 వారాలు. ఏడో నెల నుంచి మూడో ఏడు నిండేవరకు ఆ బిడ్డ ఎక్కడ ఉండాలి? అత్యంత అసహాయమైన వయసు వారే మార్గదర్శకాల వెలుపల మిగిలారు. పైగా ఇవి మార్గదర్శకాలు. రాష్ట్రం ఉత్తర్వుగానో చట్టంగానో స్వీకరిస్తే తప్ప ఉల్లంఘనకు శిక్ష ఉండదు.

ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు వర్తించే ప్రమాణాలు మరొక చోట ఉన్నాయి. ప్రసూతి సవరణ చట్టాన్ని అనుసరించి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2018లో కనీస మార్గదర్శకాలు విడుదల చేసింది. కేంద్రం పని స్థలానికి 500 మీటర్ల లోపు ఉండాలని, ఒక్కో బిడ్డకు కనీసం 10 నుంచి 12 చదరపు అడుగుల చోటు ఉండాలని అవి సూచిస్తాయి. తెరిచి ఉన్న కాలువలు, గుంతల వంటి ప్రమాదకర స్థలాలకు దూరంగా ఉండాలంటాయి. ఇవి బాగానే ఉన్నాయి. అయితే ఇవి సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడిపే కేంద్రాలకు ఉద్దేశించినవి. సాఫ్ట్‌వేర్ సంస్థ క్రెష్‌కు ఉన్న ప్రమాణం, అదే సంస్థలో వంటచేసే మనిషి తన బిడ్డను వదిలే ఇరుగింటి డే కేర్‌కు లేదు.

భవన నియమాలు కూడా ఇదే తీరులో ఉన్నాయి. జాతీయ భవన నియమావళి విద్యా భవనాల వర్గాన్ని 20 మందికి తక్కువ కాకుండా విద్యార్థులుండే చోటుగా నిర్వచించింది. 2012 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు బడులు, సినిమాహాళ్లు వంటి జనసమ్మర్ద భవనాలకు 500 చదరపు మీటర్ల స్థలం, లేదా 6 మీటర్లకు మించిన ఎత్తు ఉంటే అగ్నిమాపక శాఖ ముందస్తు అనుమతి కావాలన్నాయి. రెండు పడక గదుల ఫ్లాటులో 15 మంది పసివాళ్లుంటే అది కాగితం మీద నివాసమే.

ఇంగ్లండు పద్ధతితో పోల్చితే తేడా తేలిగ్గా తెలుస్తుంది. ఎనిమిదేళ్లలోపు బిడ్డను, ఆ బిడ్డ సొంత ఇంట్లో కాకుండా వేరే చోట, ప్రతిఫలం తీసుకొని రోజుకు రెండు గంటలకు మించి చూసుకొనేవారు సాధారణంగా నమోదు కావలసిందే. ఒక్క బిడ్డ ఉన్నా చాలు. కొద్దిపాటి మినహాయింపులున్నా, లెక్క మొదలయ్యేది తల్లి ఉద్యోగం నుంచి కాదు, స్థలం కొలత నుంచి కాదు, శిశువు నుంచి.

5. భద్రత లెక్కలు

అనుమతి ఎందుకన్న ప్రశ్నకు సమాధానం పసివారి ప్రమాదాల స్వభావంలో ఉంది. పెద్దలకు ప్రమాదం కానివి వారికి ప్రాణాంతకాలు. స్నానాల గదిలో సగం నిండిన బకెట్‌లో తలకిందులుగా పడిన ఏడాది బిడ్డ తనంతట తాను పైకి లేవలేదు. మూత సరిగా లేని నీటి సంపు, బాల్కనీ ఊచల మధ్య ఖాళీ, కింద పెట్టిన సాంబారు గిన్నె, గొంతుకు అడ్డుపడే వేరుశనగ గింజ, మంచానికీ గోడకూ మధ్య సందు వంటివాటికి కర్మాగార తనిఖీ పట్టికలో చోటు లేదు. బాయిలరును, యంత్రపు కంచెను చూడడానికి శిక్షణ పొందిన అధికారి క్రెష్ గదిలోకి వెళ్లినప్పుడు గోడల సున్నాన్ని, కిటికీల సంఖ్యను చూసి వెనుదిరగడం ఆయన తప్పు కాదు.

పిల్లలకు, సంరక్షకులకు మధ్య నిష్పత్తిని చాలామంది లాలనకు సంబంధించిన విషయంగా చూస్తారు. అది అంతకంటే ముందు అగ్నిమాపక భద్రతకు సంబంధించిన సంఖ్య. నడక రాని శిశువును ఎత్తుకొనే బయటికి తేవాలి. ఒక మనిషి ఒకసారికి ఇద్దరిని మోయగలదు. పదిమంది శిశువులకు ఒకరే ఉంటే పొగ నిండిన మెట్ల మీద ఐదుసార్లు తిరగాలి. బయట వదిలిన మొదటి ఇద్దరిని అంతసేపూ ఎవరూ చూడరు. ఇంగ్లండులో రెండేళ్లలోపు ముగ్గురికి ఒకరు, రెండేళ్లవారిలో ఐదుగురికి ఒకరు అన్న నియమం వెనుక ఈ లెక్క కూడా ఉందని గుర్తిస్తే, కేంద్రం నేల అంతస్తులో ఉండాలన్న నిబంధనకు, సిబ్బంది సంఖ్యకు మధ్య సంబంధం అర్థమవుతుంది. రెండో అంతస్తులో నడపాలంటే సిబ్బంది పెరగాలి. ఆ రెండింటినీ విడివిడి గళ్లలో పెట్టి టిక్కు కొట్టే తనిఖీ పట్టిక అసలు ప్రశ్నను తప్పిస్తుంది.

6. అనుమతి పత్రం గోడమీద ఉంటే చాలునా?

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు పాఠశాలలో మంటలు చెలరేగి 94 మంది చిన్నపిల్లలు మరణించారు. మధ్యాహ్న భోజనం వండుతున్న వంటపాక నుంచి మంటలు తాటాకు కప్పుకు ఎగబాకాయి. అది గుర్తింపు లేని బడి కాదు. వంటకు, తరగతికి మధ్య దూరం ఎంత ఉందో, కప్పు దేనితో వేశారో, మెట్లు ఎంత వెడల్పో గుర్తింపు పత్రం అడగలేదు, లేదా అడిగినవారు వెళ్లి చూడలేదు. ఈ ఘటన నేపథ్యంలో దాఖలైన అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు ఇస్తూ, విద్యాహక్కులో సురక్షితమైన బడిలో చదివే హక్కు ఇమిడి ఉందని ప్రకటించింది. అగ్నిమాపక సాధనాలు, సిబ్బంది శిక్షణ ఉండాలని, భవన భద్రతా ప్రమాణాలు పాటించని బడులకు గుర్తింపు ఇవ్వరాదని ఆదేశించింది. తీర్పు బడుల గురించి. గుర్తింపే అవసరం లేని శిశు కేంద్రానికి, గుర్తింపు నిరాకరిస్తామన్న హెచ్చరిక ఎంతమాత్రం తగలదు.

ఆ తీర్పు వచ్చిన రెండు నెలలలోపే, 2009 జూన్ 5న, మెక్సికోలోని హెర్మోసియో నగరంలో ఏబీసీ అనే శిశు సంరక్షణ కేంద్రం దగ్ధమై 49 మంది పిల్లలు చనిపోయారు. అది దొంగచాటుగా నడిచిన కేంద్రం కాదు. ఆ దేశపు సామాజిక బీమా సంస్థ ఒప్పందంతో నడిచినది. గిడ్డంగిగా కట్టిన భవనాన్ని కేంద్రంగా మార్చారు. మంటలు మొదలైంది కేంద్రంలో కాదు, అదే కప్పు కింద ఆనుకొని ఉన్న ప్రభుత్వ గిడ్డంగిలో. అనుమతి ఇచ్చేవారు తమ గదుల లోపల చూశారు. గోడకు అవతల ఏముందో చూడలేదు. అత్యవసర ద్వారం అవసరమైన క్షణంలో ఉపయోగపడలేదు. పిల్లలను కోల్పోయిన తల్లిదండ్రుల పోరాటం వల్ల 2011లో ఆ దేశంలో శిశు సంరక్షణ సేవల చట్టం వచ్చింది. ప్రజలు దాన్ని 'జూన్ 5 చట్టం' అని పిలుస్తారు. తెలుగు నగరాల్లో కింది అంతస్తులో ఫర్నిచరు దుకాణం, పై అంతస్తులో డే కేర్ ఉన్న భవనాలను చూసినవారికి ఈ ఉదాహరణ దూరదేశపు ముచ్చటగా అనిపించదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. నియమాలు కఠినమైతే చిన్న కేంద్రాలు మూతపడి, పేద తల్లులకు ఉన్న ఆసరా కూడా పోతుందన్నది ఆ వాదన. ఇందులో నిజముంది. ఇంటి పనులు చేసుకొనే స్త్రీ తన బిడ్డను వదిలే పొరుగింటి అవ్వకు ప్రహరీగోడ, సీసీ కెమెరా తప్పనిసరి చేస్తే ఆ అవ్వ మానేస్తుంది. బిడ్డ ఆరేళ్ల అక్క చేతికి చేరుతుంది. అయితే నమోదు వేరు, ప్రమాణాల స్థాయి వేరు. ముగ్గురు పిల్లలున్న ఇంటికి సంపు మూత, గ్యాసు బండకు అడ్డు, పక్కింటి పెద్దమనిషి ఫోన్ నంబరు చాలు. ముప్పై మంది ఉన్న కేంద్రానికి రెండో ద్వారం కావాలి. నమోదు మాత్రం మొదటి బిడ్డతోనే మొదలు కావాలి, ఖర్చు లేకుండా జరగాలి. ప్రమాణాలు పిల్లల సంఖ్యను, వయసును బట్టి పెరగాలి.

7. ప్రభుత్వమే నడిపేటప్పుడు

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ద్వారా వచ్చిన అంగన్‌వాడీలకు ఎవరి అనుమతీ అక్కరలేదు. నడిపే శాఖే తనిఖీ చేస్తుంది. చాలాచోట్ల అవి అద్దె గదుల్లో ఉన్నాయి. వంట, ఆట, నిద్ర ఒకే గదిలో సాగే చోట్లు తక్కువేమీ కావు. పూర్వపు జాతీయ క్రెష్ పథకం 25 మంది పిల్లలకు ఒక కార్యకర్తను, ఒక సహాయకురాలిని ఇచ్చి, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడపమన్నది. ఆ కార్యకర్త గౌరవ వేతనం 3,000 రూపాయలు, సహాయకురాలిది 1,500. 2022లో మిషన్ శక్తి కింద దాన్ని పాల్నాగా మార్చి, 17,000 అంగన్‌వాడీ-క్రెష్‌ల లక్ష్యాన్ని పెట్టుకున్నారు. మూడేళ్లు దాటినవారు కొద్ది గంటలు ఆడి తిని వెళ్లే గదిలో ఇప్పుడు ఆరు నెలల శిశువు పగలంతా ఉంటుంది. గది మారకుండా వయసు, గంటలు మారితే ప్రమాదాల తీరు కూడా మారుతుంది.

హాని జరిగిన తరువాత మాత్రం చట్టం ప్రతి బిడ్డనూ గుర్తిస్తుంది. బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలోని ఉద్యోగి క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కాని ఈ సెక్షన్ కింద కేసు నమోదు కావడానికి ముందు ఆ కేంద్రం ఒకటుందని ఏ కార్యాలయానికీ తెలియవలసిన అవసరం లేదు.

ఈ విషయంపై పరిశోధించదలచినవారికి ఎదురయ్యే ఆటంకం కూడా ఇక్కడిదే. నమోదు లేని చోట ప్రమాదాల పుస్తకం ఉండదు. ఉన్నా దాన్ని ఎవరికీ పంపనక్కరలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వెలువరించే ప్రమాద మరణాల నివేదిక నీట మునిగినవారిని, మంటల్లో కాలినవారిని, ఎత్తు నుంచి పడినవారిని వేరువేరుగా చూపుతుంది. వయసు దగ్గరకు వచ్చేసరికి ఎనిమిది నెలల శిశువు, పదమూడేళ్ల బాలుడు '14 ఏళ్లలోపు' అన్న ఒకే గడిలో ఉంటారు. ఆ సమయంలో బిడ్డ ఎవరి సంరక్షణలో ఉన్నదో చెప్పే గడి ఆ పట్టికల్లో లేదు.